సంతకం కంటే ముందు

శ్రోతలకు నమస్కారం.

పుట్టిన బిడ్డ తల్లి పొత్తిళ్లలోకి రాకుండా నేరుగా నవజాత శిశువుల వార్డులోకి వెళ్లవలసి వచ్చినప్పుడు, ఆ బిడ్డకు చేసే వైద్యం గురించిన నిర్ణయాల్లో తల్లిదండ్రుల మాటకు ఎంత చోటుండాలి అన్న విషయం మీద ఈ పూట మీతో మాట్లాడతాను. పిల్లల వైద్యుడిగా నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం అలాంటి వార్డుల్లోనే గడిచింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి, నెలలు నిండకుండా పుట్టిన మగబిడ్డను వేరే ఊరి నుంచి అంబులెన్సులో మా దగ్గరికి తీసుకువచ్చారు. తల్లికి పెద్దాపరేషన్ అయినందువల్ల ఆమె అక్కడే ఉండిపోయింది. వెంట వచ్చింది తండ్రి, అమ్మమ్మ. బిడ్డను ఒంటిని వెచ్చగా ఉంచే వార్మర్ మీద పడుకోబెట్టి గొట్టం వేసి ఊపిరి అందిస్తూనే, మధ్యలో ఒక్క నిమిషం బయటికి వచ్చి తండ్రి చేతిలో నాలుగు కాగితాలు పెట్టాను. అన్నీ ఇంగ్లీషులో ఉన్నవే. ఆయన ఒక్క ముక్కా చదవకుండా, నేను వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాడు. తెల్లవారిన తరువాత, రాత్రి దేనికి సంతకం పెట్టారో తెలుసా అని అడిగాను. "బాబు బతకాలని పెట్టాను సార్" అన్నాడు. వెంటిలేటర్ పెట్టడానికి, రక్తం ఎక్కించడానికి, బొడ్డు రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపడానికి ఆయన సమ్మతించినట్టు కేస్ షీటులో ఉంది. ఆ మూడింటిలో ఒక్కదాని గురించి కూడా ఆయనకు తెలియదు. తెలియజెప్పవలసిన బాధ్యత నాది, నేను చెప్పలేదు.

మన దేశంలో వైద్యుల ప్రవర్తనకు 2002లో చేసిన నియమావళి ప్రకారం, మైనరుకు ఆపరేషన్ చేసే ముందు తల్లిదండ్రుల నుంచి గాని సంరక్షకుల నుంచి గాని రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. 2008లో సుప్రీంకోర్టు ఒక మహిళ కేసులో తీర్పు ఇస్తూ, చేయబోయే చికిత్స ఎలాంటిది, దేనికోసం, దానికి బదులు వేరే మార్గమేమైనా ఉందా, ముప్పు ఎంత, వద్దంటే ఏమవుతుంది అన్నవి తగినంతగా తెలుసుకుని ఇచ్చినప్పుడే అది సమ్మతి అవుతుందని చెప్పింది. నోరు లేని పసిగుడ్డు విషయంలో ఈ మాటలన్నీ వినవలసినవాళ్లు తల్లిదండ్రులే.

అయితే అన్ని నిర్ణయాలూ ఒక్క తీరువి కావు. పుట్టిన వెంటనే ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోనే ఊపిరి అందించాలి. అక్కడ ఎవరినీ అడిగే వ్యవధి లేదు, అడగకూడదు కూడా. చేసిన తరువాత ఏం చేశామో కూర్చోబెట్టి చెప్పాలి, అంతే.

వేరే రకం నిర్ణయాలున్నాయి. ఏది మంచిదో వైద్యానికి తెలుసు, కాని తల్లిదండ్రులు పూనుకోకపోతే అది జరగదు. నెలలు నిండని పిల్లల కంటి పరీక్ష అలాంటిది. 34 వారాల కంటే ముందుగా గాని, 2 కిలోల లోపు బరువుతో గాని పుట్టిన పిల్లల్లో కంటి వెనక ఉండే రెటీనా పొరలో రక్తనాళాలు పూర్తిగా ఎదిగి ఉండవు. ఆ తరువాత అవి వంకరగా పెరిగితే, పొర ఊడిపోయి చూపు శాశ్వతంగా పోవచ్చు. పైకి చూస్తే కళ్లు చక్కగానే కనిపిస్తాయి. అందుకే పుట్టిన 30 రోజుల లోపల, మరీ చిన్న పిల్లలకైతే ఇంకా ముందుగానే, కంటి డాక్టరు చుక్కలు వేసి లోపలి పొర చూడాలి. లేజర్ చికిత్స అవసరమని తేలితే రెండు మూడు రోజుల్లో చేయించాలి. ఆ 30వ రోజు వచ్చేసరికి చాలామంది పిల్లలు డిశ్చార్జి అయి ఇంటి దగ్గర ఉంటారు. బరువు పెరుగుతోంది, పాలు తాగుతోంది, ఇంత పసిదాన్ని బస్సులో తిప్పడమెందుకని పెద్దవాళ్లు అంటారు. డిశ్చార్జి కాగితం మీద తేదీ రాసి పంపితే చాలదని నేను ఇన్నేళ్లలో తెలుసుకున్నాను. ఆ తేదీ దాటితే ఏం పోతుందో తల్లికి, తండ్రికి, ఇంట్లో మాట చెల్లే పెద్దవాళ్లకు కూడా చెప్పి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకుంటేనే వాళ్లు వస్తారు.

అన్నిటికన్నా కష్టమైన నిర్ణయాలు ఇంకొన్ని ఉన్నాయి. మరీ ముందుగా పుట్టి, మెదడులో తీవ్రంగా రక్తస్రావమైన బిడ్డను వెంటిలేటర్ మీద ఇంకా ఎన్నాళ్లు ఉంచాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు పుస్తకం చూసి చెప్పగల జవాబు ఉండదు. ఇక్కడ వైద్యులు రెండు విధాలుగా తప్పు చేస్తాం. అంతా మేమే తేల్చేసి, ఆఖరున తల్లిదండ్రులకు కబురు చెప్పడం ఒకటి. అంకెలన్నీ ఏకరువు పెట్టి, "ఇక మీ ఇష్టం" అని లేచి వెళ్లిపోవడం రెండోది. ఈ రెండోది పైకి గౌరవంలా కనిపిస్తుంది గాని, బిడ్డ ప్రాణం మీద తీర్పు చెప్పే బరువంతా అమ్మానాన్నల నెత్తిన పెట్టి వదిలేయడమే అవుతుంది, ఆ బరువు వాళ్లు జన్మంతా మోస్తారు. నేనైతే ముందు వాళ్లకు దేనికి భయంగా ఉందో అడుగుతాను. మాకు తెలిసింది చెప్పి, నా అభిప్రాయం ఫలానా అని కూడా చెప్పి, రేపు మళ్లీ మాట్లాడుకుందాం అంటాను. ఒక్కసారి కూర్చుంటే తేలే మాటలు కావవి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. రోజుకింత అని బిల్లు పెరుగుతుంటే, డాక్టరు వద్దంటున్నా బిడ్డను తీసుకుపోయే కుటుంబాలున్నాయి. అది వాళ్లు ఇష్టపడి చేసే నిర్ణయం కాదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద జబ్బుపడ్డ నవజాత శిశువులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఉచితమని, జిల్లా ఆసుపత్రుల్లో వీళ్లకోసం ప్రత్యేక వార్డులున్నాయని ఆసుపత్రిలో చేరిన మొదటి రోజే ఆ కుటుంబానికి చెప్పాలి.

ఇక తల్లి సంగతి. "బాలింత, ఆమెకు చెప్పకండి సార్" అన్న మాట వినని పిల్లల డాక్టరు మన ప్రాంతంలో ఉండడు. ప్రేమతోనే అంటారు. కాని బిడ్డకు ఏమైందో ఊళ్లో అందరికీ తెలిసి, కన్నతల్లికి మాత్రం తెలియకుండా రోజులు గడవడం నేను చూశాను. పాలు చేపుకు వచ్చి జాకెట్టు తడుస్తుంటే, బిడ్డ బాగున్నాడనే మాట తప్ప ఇంకేమీ వినపడని ఆ మంచం మీద ఆమె ఏమనుకుంటుందో ఎవరూ అడగరు.

తల్లిని లోపలికి రానిస్తే ఈ పరిస్థితి మారుతుంది. ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో తల్లిదండ్రులకు చేతులు కడుక్కోవడం దగ్గర నుంచి నేర్పి, బిడ్డ సంరక్షణలో భాగం చేసిన పద్ధతి ఆధారంగా కేంద్ర ప్రభుత్వం 2017లో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. బిడ్డను గుండెలకు చర్మం తగిలేలా హత్తుకునే కంగారూ సంరక్షణ 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. పుట్టిన వెంటనే దాన్ని మొదలుపెడితే ఎలా ఉంటుందో చూడటానికి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో 3,211 మంది తక్కువ బరువు పిల్లల మీద అధ్యయనం చేశారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం, 28 రోజుల లోపు మరణాలు మామూలు పద్ధతిలో 15.7 శాతం ఉంటే, వెంటనే హత్తుకున్న పిల్లల్లో 12 శాతమే. అలా హత్తుకోవాలంటే తల్లి రాత్రింబవళ్లు వార్డు లోపలే ఉండాలి. లోపల ఉన్న తల్లి అన్నీ చూస్తుంది, చూసింది అడుగుతుంది.

కొన్నాళ్ల క్రితం మా వార్డులో ఒక తల్లి పాలు పిండి, ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా బిడ్డకు పడుతూ, నర్సును పిలిచి, "నిన్న గుటకలు వేసింది, ఈ పూట పాలు బుగ్గనే పెట్టుకుంటోంది" అంది. మానిటర్ మీద అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆమె మాట మీదే పరీక్షలు చేయిస్తే రక్తంలో ఇన్ఫెక్షన్ బయటపడింది. అది మెదడు పొరలకు పాకిందో లేదో తెలియాలంటే వెన్నులోంచి నీరు తీయాలి. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయని అమ్మమ్మ ఒప్పుకోలేదు. తండ్రి ఫోనులో ఉన్నాడు. సూది దిగే చోట వెన్నుపాము ఉండదని బొమ్మ గీసి చూపించాను. నీరు చూడకపోతే మందు పది రోజులు ఇవ్వాలో ఇరవై ఒక్క రోజులు ఇవ్వాలో తేల్చుకోలేనని చెప్పాను. తల్లి తెలుగులో ఉన్న ఫారం రెండు వైపులా చదివి, భర్తతో కాసేపు మాట్లాడి, సంతకం పెట్టింది. కలం తిరిగి ఇస్తూ, గుచ్చేటప్పుడు పక్కన ఉండొచ్చా అని అడిగింది. రమ్మన్నాను. నీరు తీస్తున్నంతసేపూ బిడ్డ తల మీద చెయ్యి వేసి నిలబడింది.