బాడుగ ఇంట్లో క్యాలెండర్ ఎక్కడ తగిలించాలి?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ వారం మన గదిలో కాదు, తిరుపతి ఎంఆర్ పల్లిలో మా పాత ఓనరమ్మ ఇంటి మిద్దె మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నాం. వెనకాల బోరు మోటార్ శబ్దం వినిపిస్తే సర్దుకోండి, ట్యాంకు నిండేదాకా ఆపేది లేదంట. అక్క ముప్పై ఏళ్లు లెక్కల టీచర్‌గా చేసి రిటైరయింది. 2018 నుంచి 2022 దాకా ఈ ఇంట్లోనే కింద పోర్షన్‌లో నేను బాడుగకున్నాను. ఇప్పుడు తిరుచానూరు రోడ్డులో ఇంకో బాడుగ ఇల్లు. అక్కా, నమస్తే.

అక్క: నమస్తే నాయనా. నన్ను తిట్టడానికే అయితే మా ఇంటికే వచ్చి, నా కాఫీ తాగి తిట్టడమేందబ్బా.

హోస్ట్: తిట్టను అక్కా. ఒకటే అడగాలి, ఎన్నాళ్లనుంచో మనసులో ఉంది. నేను చేరిన రోజు తాళం చేతిలో పెడుతూ మీరన్న మొదటి మాట గుర్తుందా?

అక్క: లేదే.

హోస్ట్: "గోడలకు మేకులు కొట్టొద్దు, మొన్ననే రంగులేయించాం." సరేనన్నాను. కొత్త సంవత్సరానికి టీటీడీ క్యాలెండర్ తెచ్చుకున్నా, పెద్ద సైజుది. తిరుపతిలో ఉంటూ ఆ క్యాలెండర్ లేని ఇల్లు ఉంటుందా? కానీ ఎక్కడ తగిలించాలి? చివరికి కిటికీ ఊచకు పురికొసతో కట్టాను. గాలొచ్చినప్పుడల్లా స్వామివారు నాకు వీపు చూపించి వీధి వైపు తిరిగిపోయేవారు. నాలుగేళ్లు అదే పరిస్థితి.

అక్క: (నవ్వు) అయ్యో రాత! స్వామి క్యాలెండర్‌కు నేనొద్దంటానా? ఒక మాట అడగొచ్చు కదా.

హోస్ట్: అడగాలి కదా అక్కా, అక్కడే ఉంది కథంతా. పైన మీ ఇంట్లో మేకు కొట్టాలంటే మీరెవరినీ అడగరు.

అక్క: సరే, ఒప్పుకున్నా. కానీ ఇంకోటి నువ్వు మర్చిపోయినట్టున్నావు. 2021 నవంబరులో ఊరంతా నీళ్లయిపోయిన రోజు నీ మంచం మీద సామాన్లు, ఆ సామాన్ల మీద నువ్వు. నేనే కదా పైకి రమ్మన్నది?

హోస్ట్: మర్చిపోలేదు. రెండు రోజులు మీ ఇంట్లోనే అన్నం, చారు, అప్పడాలు. నా ఫ్రిజ్ పోయింది, పుస్తకాల అట్టపెట్టెలు రెండు పోయాయి. నీళ్లు తీశాక మీకు గోడకు సున్నం పోయింది. వాన అందరికీ ఒకటే కురిసింది, నీళ్లు మాత్రం కింద పోర్షన్‌కే వచ్చాయి. ఊళ్లో కింది పోర్షన్లలో ఉండేది ఎక్కువగా మాలాంటోళ్లే. సరే అదీ వదిలేద్దాం. ఆరు నెలలకు, ఆ అన్నం పెట్టిన చేత్తోనే పదిహేను వందలు బాడుగ పెంచారు.

అక్క: అన్నం పెట్టింది నేను, పెంచింది మున్సిపాలిటీ! నవ్వకు, నిజంగానే చెప్తున్నా. అంతకుముందు ఇంటిపన్ను ఏడాదికి ఎంత బాడుగ వస్తుందో ఆ లెక్క మీద వేసేవాళ్లు. 2021 నుంచి ఇంటి విలువ మీద వేస్తున్నారు, స్థలం రేటు పెరిగితే పన్నూ పెరుగుతుంది. ఒక ఏడాదిలో 15 శాతం కంటే ఎక్కువ పెంచకూడదని పెట్టారు, అంటే ఏడాదికేడాది మెట్టు మెట్టుగా ఎక్కుతూ పోతుందన్నమాట. ఆ మెట్లు నేనొక్కదాన్నే ఎక్కాలా?

హోస్ట్: స్థలం రేటు పెరిగితే ఆస్తి పెరిగింది మీకు, పన్ను పెరిగింది నాకు. టీచరమ్మా, ఇది ఏ లెక్క?

అక్క: (కాసేపు ఆగి) ఊ. అట్ల అడిగితే నా దగ్గర జవాబు లేదు.

హోస్ట్: ఇది మీ ఒక్కరి సంగతి కాదులెండి. ఈ ఊరికి ఏ మంచి వార్త వచ్చినా నాకు భయమేస్తుంది. 2015లో ఐఐటీ, సైన్స్ చదువుల ఐసర్ రెండూ వచ్చాయి, 2022లో తిరుపతి జిల్లా అయింది. నేను ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి, సంతోషపడాలి కదా? పడ్డాను కూడా. 2023లో ఫ్లైఓవర్ పూర్తయింది. గరుడ వారధి అనండి, శ్రీనివాస సేతు అనండి, దారి అదే. తెరిచిన వారంలోనే బైకేసుకుని కపిలతీర్థం దాకా పోయొచ్చా, ట్రాఫిక్ లేకుండా, ఎంత హాయిగా ఉందో. నెల తిరిగింది. ఇప్పుడున్న ఇంటి ఓనర్ వచ్చి, "ఇప్పుడు యూనివర్సిటీ వైపు పది నిమిషాల్లో పోతున్నావు కదయ్యా" అని రెండు వేలు పెంచాడు. ఆ మిగిలిన నిమిషాలు నావి అనుకున్నా, ఆయన వచ్చి వసూలు చేసుకుపోయాడు.

అక్క: నువ్వు నొచ్చుకోనంటే ఒక మాట చెప్తా. నేనూ ఆ వారధికి ఒక ఇటుక మోయలేదు. 1996లో మా ఆయన, నేను చిట్టీ పాడి, నా గాజులమ్మి ఈ మూడు సెంట్లు అరవై వేలకు కొన్నాం. అప్పుడు ఇక్కడ ముళ్లకంపలు. రాత్రిళ్లు నక్కలు అరిచేవి. అదే అరవై వేలకు ఇప్పుడు ఇదే వీధిలో రెండు గజాలొస్తే గొప్ప. ముప్పై ఏళ్లు బడిలో గొంతు చించుకుని దాచింది ఒక ఎత్తు, నేను నిద్రపోతుంటే ఈ స్థలం సంపాదించింది ఒక ఎత్తు. రెండోదే పెద్దది. పైకి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది కానీ అది నిజం.

హోస్ట్: మరి బాడుగ మీదే బతుకుతున్నాం అంటారు కదా ఓనర్లు.

అక్క: లెక్క చేద్దాం రా. తిరుచానూరు రోడ్డులో నువ్వు చూసిన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ఎంతన్నారు?

హోస్ట్: 55 లక్షలు.

అక్క: బాడుగ?

హోస్ట్: పదిహేను వేలు.

అక్క: ఏడాదికి లక్షా ఎనభై వేలు. 55 లక్షల మీద మూడుంపావు శాతం. బ్యాంకులో వేసుకున్నా ఇంతకంటే ఎక్కువొస్తుంది కదా? అయినా జనం ఎందుకు కొంటున్నారు? బాడుగ కోసం కాదు, రేటు పెరుగుతుందని. నువ్విచ్చే బాడుగ ఓనరుకు పైఖర్చులకు. అసలు సంపాదన గోడల్లో ఉంటుంది, నువ్వు మేకు కొట్టకూడదన్న గోడల్లో.

హోస్ట్: అబ్బా, బాగా చెప్పారు. ఇప్పుడు నా వైపు లెక్క వినండి. 55 లక్షల ఫ్లాటుకు బ్యాంకు ఇచ్చేది మహా అయితే 80 శాతం, 44 లక్షలు. చేతి నుంచి 11 లక్షలు పెట్టాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో నాలుగు లక్షల పైన, దానికి బ్యాంకు అప్పివ్వదు. పదిహేను లక్షలు నగదు ఉంటేనే లోపలికి రానిస్తారు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లయితే ఈఎంఐ 38 వేల పైన. నా జీతం 42. అంటే నెలకు నాలుగు వేల లోపుతోనే ఇల్లు గడుపుకోవాలి, అదీ సొంతింట్లో. ఎవరు కొంటున్నారు మరి అంటే, ఒక స్థలం అమ్మి వచ్చినవాళ్లు. ఇల్లున్నోళ్లే ఇంకో ఇల్లు కొంటున్నారక్కా.

అక్క: వాళ్ల నాన్న స్థలం అమ్మి వచ్చినవాళ్లు.

హోస్ట్: అదీ. మా నాన్న పాలసముద్రం అనే ఊళ్లో కౌలుకు చేసేవాడు, అమ్మడానికేముంది? ఆదాయపు పన్నులో కూడా అంతే. పాత విధానంలో సొంతింటి లోన్‌కు వడ్డీ మీద 2 లక్షల దాకా, అసలు మీద లక్షన్నర లోపు మినహాయింపు. ఇల్లు బాడుగకిచ్చినవాళ్లకు రిపేర్లు చేయించినా చేయించకపోయినా బాడుగ ఆదాయంలో 30 శాతం తీసేస్తారు. మాలాంటోళ్లకు జీతంలో హెచ్ఆర్ఏ, అంటే ఇంటి అద్దె భత్యం అనే ముక్క ఉంటే సరే, నాకు లేదు. లేనివాళ్లకు ఎంత తెలుసా? నెలకు 5 వేలు మించకుండా. 2016 బడ్జెట్‌లో 2 వేల నుంచి 5 వేలు చేశారు. ఇప్పుడు కొత్త విధానంలోకి పోతే అదీ లేదు, హెచ్ఆర్ఏ కూడా లేదు.

అక్క: కొత్తదాంట్లో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీ కూడా తీసేశారులే. కానీ నాకొచ్చే ఆ 30 శాతం తీసేయలేదు, అది నిజం.

హోస్ట్: ఇంకొకటి, ఊరు ఎటు పెరగాలి? ఉత్తరాన శేషాచలం, అటు ఒక్క అంకణం కూడా జరగదు. ఊళ్లో పెద్ద ఖాళీలన్నీ యూనివర్సిటీలవి, దేవస్థానానివి, మఠానివి. మిగిలింది తిరుచానూరు, అవిలాల, తుమ్మలగుంట, రేణిగుంట రోడ్డు. అందరూ అటే పడతారు. నేనూ పడ్డాను, ఒక ఏజెంట్ చవగ్గా రెండు సెంట్లు చూపించాడు, సాయంత్రం లోపల ఇంకో పార్టీ వస్తుందన్నాడు, టెన్షన్‌లో యాభై వేలు అడ్వాన్స్ ఇచ్చేశా. తర్వాత తెలిసినాయనతో సర్వే నంబరు చూపిస్తే 22ఏ అనే నిషేధిత భూముల జాబితాలో ఉంది, రిజిస్ట్రేషనే కాదు. సగం తిరిగొచ్చింది, మిగతా సగం ఇప్పటికీ "సోమవారం ఇస్తానన్నా" దగ్గరే ఉంది.

అక్క: నన్నడగాల్సింది. స్థలం చూసేముందు జాబితా చూడాలి.

హోస్ట్: అప్పుడు మీతో కోపం కదా. సరే, యాత్రికుల సంగతి చెప్పండి. వేరే ఊళ్లో బాడుగకొచ్చేవాడికి పోటీ ఇంకో బాడుగవాడే. ఇక్కడ కొండకొచ్చే భక్తుడు కూడా పోటీయే.

అక్క: మా చెల్లెలి ఇల్లు అలిపిరి వైపు. మూడు పోర్షన్లూ ఖాళీ చేయించి మంచాలేసి, ఏసీ పెట్టి రోజు లెక్కన ఇస్తోంది. నెలంతా ఒక కుటుంబం ఇచ్చేది వాళ్లకు పది రోజుల్లో వచ్చేస్తోందంట. నన్నూ చేయమంటోంది. నాకు ఓపిక లేదు, దుప్పట్లు ఎవరుతుకుతారు? ఓపికే ఉంటే చేసేదాన్నేమో, ఎందుకు అబద్ధం.

హోస్ట్: ఆ పోర్షన్లలో ఉన్నవాళ్లు ఎటు పోయారు?

అక్క: అడగలేదు నాయనా. మంగళం వైపని విన్నా.

హోస్ట్: ఇల్లు వెతుక్కునేటప్పుడు డబ్బు ఒక్కటే అయితే బాధ లేదు. బ్యాచిలరా, నాన్‌వెజ్ తింటారా, చివరికి తిప్పి తిప్పి కులం దగ్గరకొస్తారు. మా కాలేజీలో నా పక్క సీటాయన పదకొండు ఇళ్లు తిరిగాడు. ఫోన్‌లో ఖాళీ ఉంది అంటారు, మనిషి ఎదురుగా వచ్చి పేరు, ఊరు చెప్పగానే "మా బంధువులొస్తున్నారు" అంటారు. మీరు కూడా నన్ను అడిగారక్కా.

అక్క: అడిగా. మా అత్తగారు ఉండేది అప్పుడు, ఆమె కోసం అడిగా అని చెప్పుకోవచ్చు. కానీ ఆమె పోయాక వచ్చినవాళ్లను కూడా అడిగా. అలవాటైపోయింది. నువ్వు పోయాక ఒక నర్సమ్మ వచ్చింది, నాకప్పుడే అనిపించింది, ఈమె ఆస్పత్రిలో నాకు సెలైన్ పెడితే కులమడుగుతానా అని. ఆమెను అడగలేదు. అడగకుండా ఇచ్చింది ఆమెకొక్కతికే.

హోస్ట్: చట్టం సంగతి చెప్పి ముగిద్దాం, లేకపోతే మోటార్ ఆగిపోయేలా ఉంది. 2021లో కేంద్రం ఒక మాదిరి అద్దె చట్టం తెచ్చింది. అందులో ఇంటికి అడ్వాన్స్ రెండు నెలల బాడుగ మించకూడదని ఉంది. అది నమూనా మాత్రమే, చట్టం చేసుకోవాల్సింది రాష్ట్రాలు. నా దగ్గర మీరు తీసుకున్నది ఐదు నెలలది.

అక్క: తిరిగిచ్చా కదా!

హోస్ట్: రంగులకు పన్నెండు వేలు పట్టుకుని.

అక్క: నాలుగేళ్లున్నావు, రంగులు వేయించనా?

హోస్ట్: ఒక్క మేకు కూడా కొట్టలేదక్కా నేను! సరే, ఇక అగ్రిమెంట్. అందరూ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాలని, దానికి ఖర్చని వాళ్ల లెక్క. అందుకని నేను ఈ ఊళ్లో పదకొండేళ్లుగా పదకొండు నెలల మనిషిని. పాపను బడిలో చేర్పించేటప్పుడు అడ్రస్ రాయమంటే పెన్ను ఆగిపోతుంది. ప్రభుత్వ ఇళ్ల సంగతికొస్తే, 2020 డిసెంబరులో పట్టాలిచ్చినప్పుడు పట్టణాల్లో ఇచ్చింది ఒక సెంటు, 48 గజాలు, చాలాచోట్ల ఊరికి దూరంగా. ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఫ్లాట్లూ అంతే. రానూపోనూ ఆటో ఖర్చులకే సగం జీతం పోయేవాళ్లు మళ్లీ ఊళ్లోకి బాడుగకే వస్తున్నారు. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో కోటీ పదకొండు లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయని తేలింది. ఇళ్లు లేక కాదు.

అక్క: మా ఎదురింటాయన బెంగళూరులో ఉంటాడు. ఆరేళ్లుగా తాళం. బాడుగకిస్తే పాడు చేస్తారని.

హోస్ట్: మనిషి ఉంటే పాడవుతుందంట, ఎలుకలుంటే కాదంట. మరి, వినేవాళ్లకు ఏమైనా చెప్తారా అక్కా?

అక్క: వినేవాళ్లకు ఏం లేదు, నీకే చెప్పాలి. నర్సమ్మకు ట్రాన్స్‌ఫర్ అయింది, వచ్చే నెల కింద పోర్షన్ ఖాళీ. వరద తర్వాత గడప అడుగున్నర లేపించా, నీళ్లు రావు. వస్తావా?

హోస్ట్: బాడుగ ఎంత?

అక్క: పదహారనుకున్నా. నీకైతే పదిహేను.

హోస్ట్: నేను వెళ్లేటప్పుడు పదకొండు.

అక్క: అడ్వాన్స్ రెండు నెలలే తీసుకుంటా, చట్టం చెప్పావు కదా. మేకులు కూడా కొట్టుకో.

హోస్ట్: ఎన్ని?

అక్క: ...రెండు. సరే, మూడు. మోటార్ ఆగింది చూడు, కిందికి పోయి వాల్వ్ తిప్పిరా.