బొట్టు పెట్టే ముందు బోల్టు చూడండి

ఆయుధ పూజకు ముందురోజు తిరుపతిలో టూవీలర్ మెకానిక్‌లు, బండ్ల యజమానులు కలుసుకున్న సభలో చేసిన ప్రసంగం

వేదిక మీదున్న పెద్దలకు, కింద కూర్చున్న నా శిష్యులకు, వాళ్ల దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లలకు, మెకానిక్ పిలిచాడని వచ్చిన కస్టమర్లకు, అందరికీ నమస్కారం. శాలువాల సంగతి తర్వాత చూసుకుందాం. రేపు పూజ పెట్టుకుని ఈ రాత్రి షెడ్డు కడుక్కోవాల్సినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ‘ఎలక్ట్రిక్ బండ్లు వస్తే మెకానిక్ పరిస్థితి ఏమిటి’ అని. దాని గురించి కూడా చెబుతాను. కానీ ఐటీఐలో మెకానిక్ ట్రేడ్ చెప్పి రిటైరైనవాణ్ణి మైకు ముందు నిలబెట్టారు కాబట్టి, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న మాట ముందు చెప్పేస్తాను. అది బోల్టు గురించి. వదులైన బోల్టు, ఊడిపోయిన బోల్టు, ఊడిపోయిందని తెలిసి కూడా మనం పెట్టని బోల్టు.

లోపలికి వస్తూ బయట నిలబెట్టిన బండ్లన్నీ చూశాను. ఒకదానికి నంబరు ప్లేటు ఒక్క బోల్టు మీద వేలాడుతోంది. ఇంకోదానికి సైలెన్సర్ బ్రాకెట్ దగ్గర కట్టుతీగ. చైన్ కవర్ ఒక పక్క లేచిపోయి గొలుసుకు రాసుకుంటున్న బండి ఉంది. వీటన్నిటికీ రేపు నిమ్మకాయలు కడతారు, పూలదండలు వేస్తారు, గుమ్మడికాయ కొడతారు. నేను పూజను కాదనను, మా ఇంట్లోనూ చేస్తాం. పూజ చేసేది పనిముట్టుకు కదా, ఆ పనిముట్టు సరిగా ఉందా లేదా చూడకుండా బొట్టు పెడితే ఎట్లా అని అడుగుతున్నాను.

వెనక వరసలో ఉన్నవాళ్లు కొంచెం వినండి. నల్ల స్ప్లెండర్, ట్యాంకు మీద ఊదారంగు చారలు, హ్యాండిల్‌కు ఎర్రదారం కట్టి ఉంది. ఆ బండి ఎవరిది? చెయ్యెత్తండి. నీదేనా నాయనా? వెనక బ్రేకు టార్క్ రాడ్డు బోల్టుకు స్ప్లిట్ పిన్ లేదు, నట్టు కూడా చివరి మర మీదకు వచ్చేసింది. నువ్వు ఇప్పుడే లేచి వెళ్లు, ఈ పిల్లవాడు నీతో వస్తాడు. వాడి దగ్గర పిన్నులు ఉన్నాయి. నా మాటలు తర్వాత ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు. వెళ్లు.

ఆ అబ్బాయిని సభ మధ్యలో ఎందుకు లేపానో చెప్పాలి.

చంద్రగిరి పక్క పల్లె నుంచి తెల్లవారుజామున తిరుపతికి పాలు తెచ్చే ఒకాయన ఉన్నాడు. బండికి రెండు పక్కలా క్యాన్లు. ఒకసారి వెనక చక్రం పంచరైతే దారిలో ఒక షాపులో వేయించాడు. వెనక చక్రం దించాలంటే ఏమేం విప్పాలో మీకు తెలుసు. యాక్సిల్ నట్టు, బ్రేకు రాడ్డు, బ్రేకు ప్లేటును స్వింగ్ ఆర్మ్‌కు, అంటే వెనక చక్రాన్ని మోసే చెయ్యికి, కట్టిపట్టే టార్క్ రాడ్డు. ఆ టార్క్ రాడ్డు బోల్టుకు నట్టు, నట్టు దాటి రాకుండా స్ప్లిట్ పిన్. తీసేటప్పుడు పిన్ విరిగింది. విరగడం సహజమే, అది ఒకసారి వాడి పారేయాల్సిన వస్తువు. షాపాయన కొత్తది వేయలేదు. ‘నట్టు గట్టిగా బిగించానులే, ఏం కాదు’ అని పంపేశాడు.

నట్టు ఎప్పుడు రాలిందో ఎవరికీ తెలియదు. బోల్టు మాత్రం కొన్నాళ్లు రంధ్రంలోనే ఉండింది, తర్వాత అదీ జారిపోయింది. బండి మామూలుగానే నడుస్తోంది. బ్రేకు తొక్కేదాకా ఏమీ తెలియదు. ఒకరోజు కుక్క అడ్డం వస్తే గట్టిగా తొక్కాడు. ప్లేటు మీదున్న లైనర్లు డ్రమ్మును పట్టుకున్నాయి. డ్రమ్ము చక్రంతో తిరిగేది, ప్లేటు తిరగకుండా ఆపాల్సింది టార్క్ రాడ్డు. అది లేదు. ప్లేటు కూడా చక్రంతో పాటే తిరిగింది. ప్లేటు కింది భాగం వెనక్కి పోయేకొద్దీ బ్రేకు రాడ్డు దాని చెయ్యిని ముందుకు లాగింది, లాగేకొద్దీ బ్రేకు ఇంకా పట్టింది. ఒక్క క్షణంలో చక్రం లాకైపోయింది. మనిషి, క్యాన్లు, బండి అన్నీ రోడ్డు మీద. భుజం ఎముక విరిగింది. ఆయన మంచం మీద ఉన్నన్ని నాళ్లూ వాడిక ఇళ్లవాళ్లు వేరేవాళ్ల దగ్గర పాలు పోయించుకున్నారు. తిరిగి వచ్చాక వాళ్లలో సగం మంది కూడా ఆయన దగ్గరికి రాలేదు.

నేను ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఆయన నన్ను ఒక్కటే అడిగాడు: ‘సార్, కుక్క అడ్డం వస్తే బ్రేకు తొక్కడం తప్పా?’

మీరే చెప్పండి, ఏం జవాబు చెప్పాలి? అయిదు రూపాయలు కూడా చేయని ఇనుప పిన్ను అది. ఆ షాపాయన చెడ్డవాడు కాదు. నేను వెళ్లి అడిగితే ‘అందరూ అట్లాగే వేస్తారు సార్’ అన్నాడు. నాకు కోపం ఆ మనిషి మీద కాదు, ఆ ‘అందరూ’ మీద.

సరే, బోల్టు ఎందుకు వదులవుతుందో చూద్దాం. పిల్లలు ఉన్నారు కాబట్టి మొదటి నుంచి చెబుతాను. బోల్టు పట్టుకునేది మరల వల్ల అనుకుంటాం. బిగించినప్పుడు బోల్టు కంటికి కనిపించనంత సాగుతుంది. సాగిన ఉక్కు మళ్లీ వెనక్కి రావాలని లాగుతుంది, ఆ లాగుడే రెండు భాగాలను అదిమిపడుతుంది. గడ్డిబండి మీద మోకు లాగి కడితేనే గడ్డి నిలుస్తుంది, ఊరికే చుడితే నిలవదు. ఇదీ అంతే. ఆ అదుము తగ్గిందంటే రెండు భాగాలూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా జరగడం మొదలుపెడతాయి. జరిగిన ప్రతిసారీ నట్టు వెంట్రుకవాసి వెనక్కి తిరుగుతుంది. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో ఈ సంగతి పరీక్ష చేసి చూపించాడు. నిలువు అదురు కంటే అడ్డంగా వచ్చే కదలికే బోల్టును ఎక్కువ వదులు చేస్తుంది. ఆ పరీక్షలో మనం ఎంతో నమ్ముకున్న మామూలు స్ప్రింగ్ వాషర్ పెద్దగా ఆదుకోదు. అందుకే స్ప్రింగ్ వాషర్ వేశాం కదా అని బిగింపులో తేడా చేయొద్దు.

బిగింపు అంటే బలం కొద్దీ తిప్పడం కాదు. పదో నంబర్ స్పానర్ పట్టే 6 ఎంఎం బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు. అంటే 10 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని 10 కిలోల బలంతో లాగినట్టు. 8 ఎంఎం బోల్టుకు 20 నుంచి 25. వెనక యాక్సిల్‌కు ఇంకా చాలా ఎక్కువ, అది ఏ బండికి ఆ బండి మాన్యువల్లో ఉంటుంది. మనం చేసేది ఏమిటి? చిన్న బోల్టుకు, పెద్ద బోల్టుకు ఒకే చెయ్యి. లేదంటే స్పానర్‌కు పైపు తగిలించి తొక్కడం. ఇంజన్ కవరు అల్యూమినియం, బోల్టు ఉక్కు. గెలిచేది ఉక్కే, కవర్లో మరలు పోతాయి. తర్వాత హెలికాయిల్, అంటే పోయిన మరల చోట పెట్టే తీగచుట్ట, వేయాలి, ఆ ఖర్చు కస్టమర్‌ది. అతిగా బిగించిన బోల్టు కూడా సాగి సాగి మెడ దగ్గర సన్నబడుతుంది, ఎప్పుడో దారిలో తెగుతుంది. వదులు ఒక తప్పు, అతి ఒక తప్పు.

ఇంకో బాధ చెప్పాలి. మధ్యాహ్నం షెడ్డులో నాలుగు బండ్లు విప్పి ఉంటాయి. బోల్టులన్నీ ఒకే కిరోసిన్ గిన్నెలో. సాయంత్రానికి బండ్లు వెళ్లిపోతాయి, గిన్నెలో రెండు బోల్టులు మిగులుతాయి. అవి ఏ బండివి? ఎవరూ అడగరు, గిన్నె ఎత్తి డబ్బాలో పోస్తారు. క్లచ్ కవర్ విప్పారనుకోండి, అందులో పొడుగు బోల్టులు, పొట్టి బోల్టులు ఉంటాయి. పొడుగుది పొట్టి రంధ్రంలో పెడితే అడుగుకు తగిలి ఆగుతుంది. బిగిసింది అనుకుంటాం, కవర్ అదుముకోదు, ఆయిల్ కారుతుంది. పొట్టిది లోతు రంధ్రంలో పెడితే మూడు నాలుగు మరల మీదే నిలబడుతుంది, తర్వాత ఆ మరల్నే లాక్కుని వస్తుంది. నేను ఐటీఐలో పిల్లలకు ఒక అట్టముక్క ఇచ్చేవాణ్ణి. దాని మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడ రంధ్రం పొడిచి గుచ్చమనేవాణ్ణి. ఖర్చు ఏమీ లేదు, చెప్పులు కొన్న పెట్టె అట్ట చాలు. మళ్లీ పెట్టేటప్పుడు మొదటి నాలుగు మరలు వేళ్లతోనే తిరగాలి. వేళ్లతో తిరగలేదంటే అడ్డంగా ఎక్కుతోందని అర్థం. అప్పుడు స్పానర్ తీశారా, ఆ రంధ్రం పోయినట్టే.

ఊడిన బోల్టుకు బదులు హార్డ్‌వేర్ షాపు బోల్టు వేయడం ఇంకో ఆచారం. బయట దొరికే 10 ఎంఎం బోల్టుకు మరల మధ్య దూరం ఎక్కువగా 1.5 మిల్లీమీటర్లు. బండి మీద చాలాచోట్ల 1.25 ఉంటుంది. రెండు తిప్పులు ఎక్కి ఆగిపోతుంది, బలవంతం చేస్తే రంధ్రం నాశనం. మర కలిసినా, తల మీద అంకె చూడండి. 8.8 అని ఉంటే సుమారు 800 మెగాపాస్కల్ తట్టుకునే ఉక్కు. 4.6 అంటే దానిలో సగం. అంకె లేని బోల్టు గేటుకు వేసుకోండి, బ్రేకు డిస్కును పట్టి ఆపే కాలిపర్‌కు వద్దు. కాలిపర్‌కు రెండు బోల్టులు ఇచ్చింది ఒకటి పోయినా పర్వాలేదని కాదమ్మా, రెండూ కావాలని లెక్క కట్టి ఇచ్చారు.

మర మీద వేసే జిగురు, అదే లాక్‌టైట్, గురించి అడుగుతుంటారు. నీలం రంగుది వాడండి, స్పానర్‌తో మళ్లీ విప్పొచ్చు. ఎర్రది వేస్తే వేడి చేస్తే తప్ప రాదు. వేసే ముందు మర మీద ఆయిల్, మట్టి తుడిచి ఆరనివ్వాలి. ఆయిల్ మీద వేసిన లాక్‌టైట్ ఉన్నా లేనట్టే. సైలెన్సర్ ఇంజన్‌ను కలిసే చోట మామూలు లాక్‌టైట్ ఆ వేడికి నిలవదు, అక్కడ సరైన నట్టు, సరైన బిగింపు, అదీ ఇంజన్ చల్లారాక.

మన ఊరి సంగతి వేరు. ఇక్కడ బండి ఉన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు కొండ ఎక్కుతాడు. దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదే. ఇటు మదనపల్లె పోవాలంటే భాకరాపేట ఘాట్, పలమనేరు దారిలో మొగిలి ఘాట్. దిగుతున్నంతసేపూ బ్రేకు మీద కాలు. టార్క్ రాడ్డు, కాలిపర్, యాక్సిల్ ఈ మూడింటి మీదే భారం. ఇంటి నుంచి మార్కెట్‌కు పోయే బండిలో ఏడాది బయటపడని వదులు ఘాట్‌లో అరగంటలో బయటపడుతుంది. పాత బుల్లెట్లు ఉన్న రోజుల్లో ఈ భయం అందరికీ ఉండేది. 90 ఎంఎం స్ట్రోకు, ఒకే సిలిండర్, అదురు అంతా ఇంతా కాదు. ఊరికి బయలుదేరే ముందు రోజు స్పానర్ పట్టుకుని చుట్టూ తిరిగేవాళ్లు. ఇప్పుడు ఇంజన్లలో బ్యాలెన్సర్ షాఫ్టులు వచ్చాయి, అదురు తగ్గింది, ఆ అలవాటూ పోయింది.

దారిలో బోల్టు పోయిందని కనిపెడితే? నంబరు ప్లేటో, మడ్‌గార్డో అయితే తీగతో కట్టుకుని ఇంటికి రండి. యాక్సిల్, కాలిపర్, టార్క్ రాడ్డు అయితే బండి అక్కడే ఆపండి, ఆటో ట్రాలీలో వేసుకురండి. మరీ అవసరమైతే అదే సైజు, అదే మర ఉన్న బోల్టు క్రాష్ గార్డు నుంచో ఇంకెక్కడి నుంచో తీసి వేయొచ్చు, తల మీద అంకె చూసి మాత్రమే.

అమ్మలు కూడా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. వెనక కూర్చునేది మీరు. వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. అదే మన చీర గార్డు. దాని బోల్టులు వదులై టకటకా కొట్టుకుంటుంటే ఇంట్లో మగవాళ్లు శబ్దం వస్తోందని గార్డే పీకేస్తారు. పీకనివ్వకండి. బోల్టు బిగించమని చెప్పండి, లేకపోతే బండి ఎక్కేది లేదని కూర్చోండి.

రేపు పూజలో ఒక పని చేయండి. బండి తుడిచాక తెల్ల పెయింటో, గోళ్ల రంగో తీసుకుని బిగించిన ప్రతి ముఖ్యమైన నట్టు మీద నుంచి పక్కనున్న లోహం మీదకు ఒక సన్నటి గీత గీయండి. నట్టు తిరిగిందంటే గీత తెగి కనిపిస్తుంది. స్పానర్ అక్కర్లేదు, రోజూ బండి తీసేటప్పుడు ఒక చూపు చాలు. కుంకుమ బొట్టు దాని పక్కనే పెట్టుకోండి.

ఇప్పుడు నాకిచ్చిన అంశం. ఎలక్ట్రిక్ బండికి ఇంజన్ లేదు, సైలెన్సర్ లేదు, ఆయిల్ మార్చే పని లేదు. యాక్సిల్ ఉంది, కాలిపర్ ఉంది, స్వింగ్ ఆర్మ్ ఉంది. చక్రంలోనే మోటారు ఉన్న బండ్లకు యాక్సిల్ నట్టు ఇంకా ముఖ్యం. అది వదులైతే మోటారు బలానికి యాక్సిలే తిరిగి లోపలి వైర్లు తెగుతాయి. కాబట్టి పని ఉంటుంది. సరిగ్గా బిగించడం వచ్చినవాడికి ఉంటుంది.

అందుకే సంఘం పెద్దలను ఒకటి అడుగుతున్నాను. ఎంత బిగించామో కొలిచి చెప్పే స్పానర్, అదే టార్క్ రెంచ్, ఒక్కొక్కరు కొనడం కష్టం, ఒక్కోటి కొన్ని వేలు అవుతుంది. వీధికి ఒకటి కొందాం. ఒక షెడ్డులో పెట్టి, చుట్టుపక్కలవాళ్లు రిజిస్టర్‌లో సంతకం చేసి తీసుకెళ్లేట్టు. కొర్లగుంటకు మొదటిది నేను ఇస్తున్నాను, డబ్బు కోశాధికారికి ఇప్పుడే ఇచ్చేస్తాను. రేణిగుంట రోడ్డు వాళ్లు, కరకంబాడి రోడ్డు వాళ్లు మీ పేర్లు టీ తాగేలోపు ఆయనకు చెప్పండి. వాడటం రానివాళ్లు ఆదివారం ఉదయం మా ఇంటికి రండి, ఒక పాత ఇంజన్ ఉంది, దాని మీద నేర్పిస్తాను.