ఐడ్లింగ్‌లో (కారు కదలకుండా ఇంజను తిరిగేటప్పుడు) నిలకడగా ఉండి, వేగం పెంచితే ఆగిపోయే పాత కారు

వ్యాఖ్యాత: తెనాలి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు లైన్లో ఉన్నారు. మాస్టారూ, నమస్కారం, మీ సమస్య చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. 1997లో కొన్న మారుతీ 800 నా దగ్గర ఉంది. ఇంటి ముందు స్టార్ట్ చేసి వదిలేస్తే అరగంటైనా చక్కగా తిరుగుతుంది కానీ, రోడ్డెక్కి వేగం పెంచబోతే కుదుపులు మొదలై ఆగిపోతుంది. కార్బ్యురేటర్‌ను (పెట్రోలును గాలితో కలిపే భాగాన్ని) రెండుసార్లు విప్పించి కడిగించినా ఫలితం లేదు.

నిపుణుడు: పెడల్ తొక్కిన క్షణంలోనే ఆగిపోతోందా, కొంత దూరం పోయాక ఆగుతోందా?

శ్రోత: కొంత దూరం పోతుందండీ. వంతెన ఎక్కేటప్పుడు సగం దాకా వచ్చి, బలం తగ్గి ఆగుతుంది. రెండు నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే మామూలుగానే స్టార్ట్ అవుతుంది.

నిపుణుడు: బలం తగ్గుతున్నప్పుడు చోక్, అంటే గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట, కొద్దిగా లాగి చూశారా?

శ్రోత: లాగితే కాస్త పుంజుకుంటుంది. నాలుగు నెలలు మా అబ్బాయి దగ్గర ఉండి వచ్చాం, అన్నాళ్లూ కారు షెడ్డులోనే ఉంది. వచ్చినప్పటి నుంచే ఈ బాధ.

నిపుణుడు: అయితే మీ ఇంజనుకు పెట్రోలు చాలడం లేదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. స్పార్క్‌లో (పెట్రోలును మండించే నిప్పురవ్వలో) లోపం ఉంటే చోక్ లాగినందువల్ల పుంజుకోదు. ఐడ్లింగ్‌కు కార్బ్యురేటర్‌లో వేరే సన్నని దారి ఉంటుంది, దానికి కావలసిన పెట్రోలు చాలా తక్కువ కనుక, సగం మూసుకుపోయిన ఫిల్టరు కూడా ఆ కాస్త సరఫరా చేయగలదు. ఎత్తు ఎక్కేటప్పుడు మెయిన్ జెట్ అనే పెద్ద దారి గుండా పెట్రోలు ఎక్కువగా ఖర్చవుతుంది, వచ్చేదాని కంటే పోయేది ఎక్కువైతే కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిల్వ ఉండే ఫ్లోట్ చాంబర్ క్రమంగా ఖాళీ అవుతుంది. మీరు సెల్ఫ్ కొట్టినప్పుడు పెట్రోలు పంపు దాన్ని మళ్లీ నింపుతుంది. తొక్కగానే ఆగిపోతోందని చెప్పి ఉంటే, నేను కార్బ్యురేటర్‌లోనే ఉండి, పెడల్ తొక్కగానే అదనపు పెట్రోలు చిమ్మే యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్‌ను అనుమానించేవాణ్ణి.

శ్రోత: మరి పెట్రోలు పంపు మార్పించేయమంటారా?

నిపుణుడు: అప్పుడే వద్దు మాస్టారూ. ముందు ట్యాంకు మూత వదులు చేసి అదే వంతెన ఎక్కి చూడండి. అప్పుడు ఆగకపోతే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయి పెట్రోలు సరిగా రావడం లేదన్నమాట, దానికి ఖర్చే లేదు. తరువాత ఫిల్టరు మార్పించండి, ధర తక్కువే. ఆపైన ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న రబ్బరు గొట్టాలను వంచి చూడమనండి. మీ కారులో పంపు ఇంజను దగ్గర ఉండి పెట్రోలును లాక్కుంటుంది కాబట్టి, ఆ వైపు గొట్టం పగిలితే బయటికి కారకుండా గాలి పీల్చుకుంటుంది, అందుకే మెకానిక్కులకు సులభంగా దొరకదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును పాడుచేస్తుంది, తేమనూ పీల్చుకుంటుంది. నాలుగు నెలలు నిలిచిన ట్యాంకులో తుప్పు, మడ్డి చేరి ఉండవచ్చు కాబట్టి ట్యాంకులో పెట్రోలు వడకట్టే జల్లెడ కూడా చూపించండి. ఇవన్నీ బాగుంటేనే, ఇంజను చల్లారాక, ఆరుబయట, స్పార్క్ రాకుండా కాయిల్ తీగ తీసేసి, పంపు నుంచి వచ్చే గొట్టాన్ని సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ధార తెగుతూ బలహీనంగా వస్తే అప్పుడు పంపు మార్చండి. దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదు.

శ్రోత: ఎల్లుండి గుంటూరు వెళ్లాల్సి ఉందండీ.

నిపుణుడు: బస్సులో వెళ్లండి మాస్టారూ. లారీని దాటే సమయంలో ఇంజను ఆగిపోతే మీ చేతిలో ఏమీ ఉండదు.