ఆరు లక్షలు, సున్నా, ఏడు లక్షలు: సముద్ర తాబేళ్లు, పగడపు దిబ్బల మీద సర్కారు లెక్క

(హనుమకొండలో డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో పెన్నులు తీసి కూర్చున్న జువాలజీ పిల్లలకు, వెనక వరసలో ఫోన్లు తీసి కూర్చున్న మిగతావాళ్లకు నమస్కారం.

మన ఓరుగల్లు నుంచి పాలించిన గణపతిదేవుడు 1244లో సముద్రం ఒడ్డున ఒక శాసనం వేయించాడు. మోటుపల్లి అభయ శాసనం. గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లకు ఇది బట్టీ వచ్చే ఉంటుంది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా ఇదివరకటి రాజులు లాక్కునేవాళ్లు, మేం మాత్రం న్యాయమైన సుంకం తప్ప ఇంకేం తీసుకోం అని వర్తకులకు మాటిచ్చాడు. ఆ సుంకాల జాబితాలో గంధం, కర్పూరం, ముత్యాలు, పట్టుతో పాటు పగడాలు కూడా ఉన్నాయి. చీరాలలో రైలు దిగితే తప్ప సముద్రం కనపడని ఊరు మనది. అయినా ఎనిమిది వందల ఏళ్ల కిందటే ఇక్కడి సర్కారు పగడం లెక్క రాసుకుంది. కాబట్టి "వరంగల్‌లో కూర్చుని సముద్రం సంగతెందుకు సార్" అని ఎవరూ అడగొద్దు.

ఒక్క మాట. ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం వేరు, నేను మాట్లాడబోయే పగడపు దిబ్బలు వేరు. ఆ ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చేది. దిబ్బలు కట్టే పగడాలు మన దేశంలో ముఖ్యంగా నాలుగు చోట్ల ఉన్నాయి: కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. తెలుగు తీరంలో అలాంటి పెద్ద దిబ్బలు లేకపోవడానికి ఒక కారణం మన నదులే. దిబ్బ పెరగాలంటే తేట నీళ్లు, ఎండ, ఉప్పదనం కావాలి. గోదావరి, కృష్ణ ఏటేటా బురద నీళ్లు తెచ్చి పోస్తుంటే పగడానికి ఊపిరాడదు.

అదే గోదావరి తాబేలుకు మాత్రం మేలు చేసింది. కాకినాడ ఎదుట సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఉన్న హోప్ ఐలాండ్ మొత్తం గోదావరి తెచ్చిన ఇసుకే. అక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. మంథని, కాళేశ్వరం, ఏటూరునాగారం దాటి పారే నీళ్లు మోసుకుపోయిన ఇసుక అది. ఇప్పుడు ఆ ఇసుకలో చాలా భాగం పైన డ్యాముల్లో ఆగిపోతోంది. మిగిలిన దాంట్లో ఎంత ఇసుక రీచుల నుంచి లారీలెక్కి పోతోందో ములుగు, భూపాలపల్లి రోడ్ల మీద తిరిగేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గోదావరి డెల్టా అంచు కోతకు గురవుతోందని పరిశోధకులు చాలా ఏళ్లుగా చెబుతున్నారు. కోతను ఆపడానికి రాళ్లు పోస్తే ఊరు నిలుస్తుందేమో గానీ, రాళ్ల మీద తాబేలు గొయ్యి తవ్వలేదు.

సరే, అసలు విషయానికి వస్తాను. మన దేశంలో సముద్ర జీవుల పరిశోధన చాలావరకు ప్రభుత్వం కనుసన్నల్లోనే నడుస్తుంది. సముద్ర తాబేళ్లు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే అన్నింటికంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి. దిబ్బలు కట్టే పగడాలను 2001లో అందులో చేర్చారు. అంటే అనుమతి లేకుండా తాబేలుకు ట్యాగ్, అదే నంబరు బిళ్ల, వేయలేరు, పగడం ముక్క ల్యాబుకు తెచ్చుకోలేరు. దీనికి మనవాళ్లు విసుక్కుంటారు. ఫైలు కదలదని, సీజన్ అయిపోయాక పర్మిషన్ వచ్చిందని. ఆ విసుగులో నిజముంది. అయినా ఈ పరిశోధన సర్కారు చేతిలో ఉండాల్సిందేనని నా అభిప్రాయం. ఎందుకో ఒడిశా లెక్కలతో చెబుతాను.

గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లేలు వేలు, లక్షలుగా ఒకేసారి ఒడ్డెక్కుతాయి. 2023లో అక్కడ దాదాపు 6.37 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. 2024లో ఆ సామూహిక రాక అసలు జరగనే లేదు. 2025లో దాదాపు 7 లక్షలు వచ్చాయి. ఇప్పుడు చెప్పండి, 2024 ఒక్క ఏడాదే చూసినవాడు ఏం రాస్తాడు? తాబేళ్లు అంతరించాయని రాస్తాడు. 2025 ఒక్కటే చూసినవాడు, అంతా బ్రహ్మాండంగా ఉంది, సంరక్షణకు ఇన్ని కోట్లెందుకు అంటాడు. ఇద్దరిదీ తప్పే. గుడ్డులోంచి వచ్చిన పిల్ల మళ్లీ గుడ్లు పెట్టే వయసుకు రావడానికే పది, పదిహేనేళ్లు పడుతుంది. ఇవాళ మత్స్య శాఖ చేసిన మంచి పనికి ఫలితం ఎప్పుడో మీ పిల్లలు బడికి పోయేనాటికి కనపడుతుంది. పీహెచ్‌డీకి ఐదేళ్లు, ప్రాజెక్టు గ్రాంటుకు మూడేళ్లు. వాటితో ఈ లెక్క తేలదు. మనుషులు రిటైరైనా, పార్టీలు మారినా రిజిస్టరు ఆగకుండా నడిపే సత్తా మామూలుగా ఒక ఆఫీసుకే ఉంటుంది.

మామూలుగా అన్నాను, గమనించండి. లక్షద్వీప్‌లో 1998 నుంచి పగడాల విస్తీర్ణాన్ని ఇరవై ఏళ్లకు పైగా కొలిచి, అది సుమారు సగానికి పడిపోయిందని చూపించింది ఒక స్వచ్ఛంద సంస్థ పరిశోధకులు. ఓపిక సర్కారు సొత్తేం కాదు. కానీ అలాంటివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఈ 7 లక్షలు ఎలా లెక్కేశారని మీలో ఒక్కరైనా అడగాలి. రాత్రిపూట బీచ్ మీద తాబేలు పక్కన తాబేలు, ఒకటి పెట్టిన గుడ్లను ఇంకొకటి తవ్విపోస్తుంటే తలలు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని నీటి అంచు నుంచి పైకి, తీరానికి అడ్డంగా కొన్ని పట్టీలు కొలిచి గుర్తు పెట్టుకుంటారు. కొంత కొంత సమయానికి ఒకసారి ఆ పట్టీల్లో నడిచి, సరిగ్గా ఆ క్షణాన గుడ్లు పెడుతున్నవాటినే లెక్కిస్తారు. ఒక తాబేలు ఆ పనికి ఎంతసేపు తీసుకుంటుందో తెలుసు, బీచ్ పొడవు తెలుసు, ఎన్ని గంటలు సాగిందో తెలుసు. మిగతాది స్టాటిస్టిక్స్. కాబట్టి పేపర్లో చివరి అంకె దాకా రాసిన సంఖ్య చూసి మోసపోవద్దు. అది అంచనా. ఏటా ఒకే పద్ధతిలో వేస్తే దానికి విలువ, పద్ధతి మారితే పోయిన ఏడాదితో పోల్చడానికే పనికిరాదు.

ట్యాగ్ వేసే పని ఇంకా దగ్గర నుంచి చూడాల్సింది. తాబేలు వెనక రెక్కలతో మూరెడు లోతు గొయ్యి తీస్తుంది. పైన మూతి ఇరుకు, అడుగున వెడల్పు. అందులో వంద, నూట ఇరవై దాకా గుడ్లు జారవిడుస్తుంది. తవ్వేటప్పుడు చీమ చిటుక్కుమన్నా వెనక్కి తిరిగిపోయే ప్రాణి, గుడ్లు పెట్టడం మొదలయ్యాక మాత్రం పక్కన మనిషి కూర్చున్నా పట్టించుకోదు. ఆ కాసేపట్లో ముందు రెక్క అంచుకు ప్లయర్‌తో నంబరున్న చిన్న లోహపు బిళ్ల నొక్కుతారు. తర్వాత అది గొయ్యి పూడ్చి, తన ఒంటితోనే దబదబా కొట్టి ఇసుక దిమ్మిస వేసి వెళ్లిపోతుంది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు 2021లో ఒడిశాలో అలా బిళ్ల వేసిన ఒక తాబేలు, 2025 జనవరిలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లా గుహాగర్ బీచ్‌లో గుడ్లు పెడుతూ దొరికింది. తూర్పు తీరం తాబేళ్లు వేరు, పడమటి తీరానివి వేరు అనుకుంటున్న లెక్కకు అది చిన్న కుదుపు. ఒక్క తాబేలుతో సిద్ధాంతాలు మారవు. కానీ బిళ్ల లేకపోతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

సర్కారు మొదటి నుంచీ తాబేళ్లకు చుట్టమేమీ కాదు. 1970ల మొదట్లో ఒడిశాలో గుడ్లు ఏరుకోవడానికి అటవీ శాఖే లైసెన్సులిచ్చింది. పడవల కొద్దీ గుడ్లు అమ్ముడుపోయేవి. ఆ శాఖే తర్వాత కాపలాకు దిగింది, 1997లో అక్కడి గహిర్మఠ తీరం సముద్ర అభయారణ్యమైంది. శాఖలు మారతాయి, మార్చాలి.

చేపల వలల గొడవ ఇంకోటి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చేది. ట్రాలర్ వల నీళ్లలో గంటలకొద్దీ ఈడ్చుకుపోతుంటే లోపల చిక్కుకుని ఊపిరాడక చచ్చిపోతుంది. దానికి విరుగుడుగా వలలో ఇనుప కడ్డీల జాలీ పెడతారు. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు జాలీకి తగిలి పైనున్న కిటికీలోంచి బయటపడుతుంది. దీన్ని టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్, పొట్టిగా టెడ్ అంటారు. ఇది లేకుండా పట్టిన రొయ్యలు కొనబోమని అమెరికా 1989లో చట్టం చేస్తే, మన దేశం మరో మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కింది. 1998లో తీర్పు వచ్చింది. మన కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఇక్కడి వలలకు సరిపోయే టెడ్‌ను తయారు చేసింది. అయినా బోటువాళ్లు దాన్ని మనస్ఫూర్తిగా పెట్టుకోరు, కిటికీలోంచి చేపలు కూడా పోతాయని వాళ్ల బాధ. డీజిలు ధర, కూలి, వడ్డీ లెక్కపెట్టుకునేవాడికి ఆ కొంచెం కూడా కొంచెం కాదు. అతన్ని విలన్ చేసి మాట్లాడే పర్యావరణ ప్రసంగాలంటే నాకు చిరాకు. ఆ నష్టమెంతో కొలిచి, దాన్ని ఎవరు భరించాలో తేల్చడం కూడా పరిశోధనే.

పగడాల దగ్గరికొద్దాం. ఇక్కడ మన హైదరాబాద్‌కు పెద్ద పాత్ర ఉంది. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అని, సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1999లో పెట్టారు. సునామీ హెచ్చరికలు వచ్చేది అక్కడి నుంచే. సముద్రం లేని ఊళ్లో కూర్చుని వాళ్లు లక్షద్వీప్ పగడాలకు జ్వరం వస్తుందా రాదా చూస్తుంటారు. పగడం లోపల కంటికి కనపడని నాచు కాపురముంటుంది. తిండిలో ఎక్కువ భాగం, రంగు కూడా దానివల్లే. ఏడాదిలో అతి వేడి నెలకు ఉండే మామూలు ఉష్ణోగ్రత మీద ఒక్క డిగ్రీ పెరిగి, వారాల తరబడి అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. తెల్లబడుతుంది. తెల్లబడినంత మాత్రాన చచ్చినట్టు కాదు, పస్తులున్నట్టు. త్వరగా చల్లబడితే నాచు తిరిగొస్తుంది. అందుకే వేడి ఎంత అన్నదానితో పాటు ఎన్నాళ్లు అన్నది కూడా కూడి చూస్తారు. ఒక డిగ్రీ అదనపు వేడి ఒక వారం ఉంటే అది ఒక డిగ్రీ-వారం. పన్నెండు వారాల్లో పోగైన అదనపు వేడి 4 డిగ్రీ-వారాలు దాటితే తెల్లబడటం మొదలవుతుంది, 8 దాటితే చావులు మొదలవుతాయి. ఉపగ్రహం కొలతలతో ఇన్‌కాయిస్ ఈ లెక్క వేసి హెచ్చరికలు ఇస్తుంది. 1998, 2010, 2016 చెడ్డ ఏళ్లు. 2024లో ప్రపంచమంతటా నాలుగోసారి తెల్లబడింది, లక్షద్వీప్‌లోనూ పరిస్థితి తీవ్రంగా ఉందని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చెప్పింది.

హెచ్చరిక వస్తే మాత్రం సముద్రాన్ని చల్లార్చగలమా? లేం. ఆ వారాల్లో డైవింగ్, లంగర్లు, తవ్వకాలు ఆపి ఉన్న బాధకు ఇంకోటి తగలకుండా చూడగలం. మిగతాది మన కరెంటు బిల్లులు, బొగ్గు సంగతి. రామగుండం పక్కనే పెట్టుకుని ఆ మాట పక్కవాళ్ల మీదికి నెట్టలేను.

ఇక నాకు మింగుడుపడని విషయం. గ్రేట్ నికోబార్ దీవిలో గలాథియా బే అని ఒక తీరం ఉంది. సముద్ర తాబేళ్లన్నింట్లోకీ పెద్దది లెదర్‌బ్యాక్. మన దేశంలో అది గుడ్లు పెట్టే ముఖ్యమైన చోట్లలో అదొకటి. 2021 మొదట్లో కేంద్ర పర్యావరణ శాఖ సముద్ర తాబేళ్ల జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది, అందులో గలాథియా ప్రాముఖ్యం ఉంది. దాదాపు ఆ రోజుల్లోనే అక్కడి అభయారణ్యం హోదా తీసేశారు, పెద్ద ఓడరేవు కట్టడానికి. 2022 నవంబరులో ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి వచ్చింది. అక్కడి 20,668 పగడపు కాలనీల్లో 16,150 కాలనీలను తీసి వేరే చోట నాటుతామన్నారు. ఆ పని జువలాజికల్ సర్వేది. ఆ సంస్థ పర్యావరణ శాఖ కిందిదే. అనుమతి ఇచ్చిందీ పర్యావరణ శాఖే.

దేశ రక్షణకు, వ్యాపారానికి ఆ రేవు కావాలన్నది ప్రభుత్వం వాదన. దాని మంచిచెడ్డలు తేల్చేటంత వాణ్ని కాను. శాస్త్రవేత్తల నిజాయితీనీ అనుమానించను. కచ్ సింధుశాఖలో మిఠాపుర్ దగ్గర 2020లో ఇనుప చట్రాలకు కొద్దిపాటి కరెంటు పారించి, వాటి మీద సున్నం పేరుకునేలా చేసి పగడం ముక్కలు కట్టి పెంచే పనికి దిగింది వీళ్లే. కానీ ఒక ముక్క బతికించడం వేరు, పదహారు వేల కాలనీలు మోసుకెళ్లడం వేరు. పైగా కొలిచేవాడు, తీర్పు చెప్పేవాడు ఒకే ఇంటివాళ్లైనప్పుడు కొలత నిజమైనా జనం నమ్మరు. కాబట్టి నేను అడిగేది ఒకటే. నాటిన ప్రతి కాలనీకి నంబరిచ్చి, ఏడాదికోసారి ఎన్ని బతికాయో ఫొటోలతో సహా అందరికీ కనపడేలా పెట్టాలి. ఐదేళ్లు కాదు, ఇరవై ఏళ్లు. తాబేళ్లకూ అంతే. సంఖ్య ఒక్కటే ప్రెస్‌నోట్‌లో ఇస్తే సరిపోదు, ఏ పట్టీలో ఎన్ని, ఏ రాత్రి, ఎవరు లెక్కించారు, అన్నీ ఇవ్వాలి.

ఇస్తే చదివేదెవరు? మీరే. స్టాటిస్టిక్స్ గ్రూపు వాళ్లు, కంప్యూటర్ సైన్స్ వాళ్లు వెనకే కూర్చున్నారు కదా. ఇన్‌కాయిస్ పగడపు హెచ్చరికలు వెబ్‌సైట్‌లో ఉంటాయి, డబ్బులు కట్టక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో లక్షద్వీప్ పటం తీసి, వారం వారం వేడి ఎలా పోగవుతోందో ఒక గ్రాఫ్ వేయండి. ప్రాజెక్టు వర్క్‌కు ఇంతకంటే మంచి పని నాకు తోచడం లేదు. తాబేళ్ల జన్యువుల మీద హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీలో పనిచేసినవాళ్లు, మన తూర్పు తీరపు ఆలివ్ రిడ్లేలు ప్రపంచంలో మిగతా చోట్ల ఉన్నవాటికి పూర్వీకుల శాఖ అని 2004లో చూపించారు. అదీ ఒడ్డుకు వందల కిలోమీటర్ల దూరంలో, ల్యాబులో జరిగిన పనే.

భోజనాలు ఒంటిగంటకని ప్రిన్సిపాల్ గారు ఇందాకే చెప్పారు, ఇంకా పావుగంట ఉంది. ఎవరైనా అడగొచ్చు, వెనక వరస నుంచైతే ఇంకా సంతోషం.