ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదంటే పంటి వేరు బాగున్నట్టేనా?

"ఎక్స్‌రే క్లియర్‌గానే ఉందన్నారు, మరి నమిలితే నొప్పి ఎందుకండీ?" గుంటూరు కొత్తపేటలో గానీ, బెజవాడ సూర్యారావుపేటలో గానీ ఏ పంటి క్లినిక్‌లో కూర్చున్నా ఈ ప్రశ్న వినపడుతుంది. దాని వెనకాలే ఇంకోటి: "మొన్నే పెద్ద ఎక్స్‌రే తీయించాం కదా, మళ్లీ ఈ చిన్నది దేనికి?" ఈ రెండూ ఇవాళ తేల్చేద్దాం.

మన మిర్చి యార్డులో ఒక టిక్కీ తీసుకోండి. పైన గోనె, లోపల కాయ. దవడ ఎముకా అంతే: పైన గట్టి పొర, లోపల గుల్ల ఎముక. వేరు కొస చాలావరకు ఆ గుల్ల భాగంలోనే ఉంటుంది. నరం చచ్చి, క్రిముల ప్రభావం వేరు కొస దాటితే ముందు కరిగేది అదే. టిక్కీ నడిమధ్య నాలుగు కాయలు బూజు పడితే గోనె మీద మచ్చ పడుతుందా? పడదు. చెమ్మ గోనెదాకా పాకాలి.

[స్క్రీన్ మీద: కింది దవడ అడ్డకోత బొమ్మ]

1961లో బెండర్, సెల్ట్జర్ అనే దంత పరిశోధకులు చనిపోయినవాళ్ల దవడ ఎముకల్లో కావాలని గుంతలు చేసి ఎక్స్‌రేలు తీశారు. గుంత లోపలి గుల్లకే పరిమితమైనంతసేపు ఫిల్మ్ మీద తేలలేదు, గట్టి పొరను తాకాకే కనపడింది. ఖనిజం 30 నుంచి 50 శాతం పోతేగానీ నల్లమచ్చ రాదని పాఠాల్లో చెప్పేది అందుకే. కింది దవడ పళ్లకి పొర మందం, కాబట్టి అక్కడ మోసం ఎక్కువ.

ఇక ఎక్స్‌రేలు మూడు రకాలు: చిన్నది, పెద్దది, 3డీ స్కాన్. ముందు చిన్న ఎక్స్‌రే, అంటే ఐఓపీఏ, నోట్లో ఫిల్మ్ పెట్టి ఒకటి రెండు పళ్లకి తీసేది. పెద్దవాళ్ల ఫిల్మ్ 31×41 మిల్లీమీటర్లు. చిన్నదే అయినా మూడింట్లోకీ స్పష్టత దీనిదే. షరతు ఒక్కటే, హోల్డర్ పెట్టి తీయాలి. అప్పుడు ఫిల్మ్ పంటికి సమాంతరంగా నిలుస్తుంది, కిరణం రెంటికీ నిలువుగా తగులుతుంది. పేషెంటు వేలితో పట్టించి తీస్తే కోణం తప్పుతుంది: ఎక్కువైతే వేరు పొట్టిగా, తక్కువైతే సాగినట్టు వస్తుంది. వేరు కొస దాటి కనీసం 2-3 మిల్లీమీటర్ల ఎముక కనపడాలి. కొస తెగిపోయిన ఫిల్మ్ చూసి "ఏమీ లేదు" అనడం నాకు అస్సలు మింగుడుపడదు. మళ్లీ తీయాల్సిందే.

అనుమానం ఉంటే ఎక్స్‌రే ట్యూబ్‌ని 20 డిగ్రీలు పక్కకి జరిపి రెండోది తీయండి. టిక్కీ చుట్టూ ఒక అడుగు పక్కకేసి చూడటమన్నమాట. ట్యూబ్ జరిగిన వైపుకే జరిగిన వేరు నాలుక వైపుది, ఎదురు జరిగింది బుగ్గ వైపుది. కింది చిన్న దవడపళ్ల దగ్గర నరం బయటికొచ్చే రంధ్రం అచ్చం చీముగడ్డలా నల్లగా పడుతుంది. రెండో ఫిల్మ్‌లో అది కొస నుంచి పక్కకి తప్పుకుంటే రంధ్రమే అయ్యుంటుంది, జబ్బయితే కొసని అంటిపెట్టుకునే ఉంటుంది. పంటికి చల్లటిది తగిలించి చూసే చల్లదనం పరీక్ష కూడా చేయండి. ఆ పన్ను మామూలుగా స్పందిస్తుంటే నల్లమచ్చ ఒక్కదాన్నే చూసి రూట్ కెనాల్ మొదలుపెట్టకండి.

ఓపీజీ, అంటే పళ్లన్నీ ఒకేసారి పడే ఆ పెద్ద ఎక్స్‌రే, యార్డు గేటు దగ్గర నిలబడి తీసిన ఫొటో. టిక్కీలన్నీ వస్తాయి, ఏ ఒక్కదాని కుట్టూ కనపడదు. జ్ఞానదంతాలకి, పెద్ద సిస్టులకి భేష్. ముందు పళ్ల మీద మాత్రం వెన్నెముక నీడ పడుతుంది.

సీబీసీటీ, అంటే దవడకి తీసే 3డీ స్కాన్, టిక్కీని పొరలుపొరలుగా కోసి చూడటం. గోనె అడ్డే ఉండదు, పై దవడపళ్ల మీద పడే బుగ్గ ఎముక నీడా ఉండదు. ఒక పంటికైతే 4×4 లేదా 5×5 సెంటీమీటర్ల స్కాన్ చాలు. వేరు చుట్టూ ఉండే సందే సుమారు 0.2 మిల్లీమీటర్లు, 0.4 మిల్లీమీటర్ల వోక్సెల్‌తో (బొమ్మలో ఒక్కో చుక్క సైజు) తీస్తే అది ఎలా తెలుస్తుంది? పంటి వేరులో దింపిన లోహపు పోస్టు, కెనాల్ ఫిల్లింగ్ ఉన్నచోట నల్లచారలు వస్తాయి, వాటిని పగులు అనుకోవద్దు. రేడియేషన్ చిన్న ఎక్స్‌రేకి సాధారణంగా 10 మైక్రోసీవర్ట్‌ల లోపే, దీనికి స్కాన్ సైజుని బట్టి పదుల నుంచి వందల దాకా. అందుకే అందరికీ మొదటే రాసేది కాదు. చిన్న ఎక్స్‌రేతో తేలనప్పుడు రాయాలి.

టైమ్ అయిపోతోంది, రెండు మాటలు గబగబా. రూట్ కెనాల్ అయ్యాక మచ్చ వెంటనే పోదు. ఏడాదికి అదే కోణంలో మళ్లీ తీయండి, తగ్గుతూ ఉంటే నాలుగేళ్ల దాకా ఆగొచ్చు. సీబీసీటీ తీయించుకుంటే ప్రింట్ షీటు ఒక్కటే తెచ్చుకోకండి. డైకామ్ ఫైళ్లు, అంటే స్కాన్ అసలు ఫైళ్లు, పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి, ఆ పొరలు జరిపి చూడాల్సింది మీ డాక్టరుగారే.