స్టంట్లు నిజం, స్నేహం ఏది? 2015 పాయింట్ బ్రేక్ రివ్యూ

నమస్తే అండీ. 2015లో వచ్చిన పాయింట్ బ్రేక్ గుర్తుందా? 1991లో కాథరిన్ బిగెలో తీసిన సినిమాకి రీమేక్ అది. విమర్శకులు ఉతికి ఆరేశారు. విమర్శకుల రివ్యూలన్నీ ఒకచోట చేర్చే రాటెన్ టొమాటోస్ సైట్‌లో మెచ్చుకున్న రివ్యూలు పదింటికి ఒకటి, అంతే. మరీ అంత చెడ్డ సినిమానా అని రెండూ వరసగా మళ్లీ చూశాను.

కథ మీకు తెలిసిందే. జానీ యూటా అనే ఎఫ్‌బీఐ కుర్రాడు దొంగల ముఠాలో చేరి, వాళ్ల నాయకుడు బోధీకి దగ్గరవుతాడు. అప్పుడు కియానూ రీవ్స్, పాట్రిక్ స్వేజీ. ఇప్పుడు ల్యూక్ బ్రేసీ, ఎడ్గార్ రమిరెజ్.

ముందు స్టంట్ల గురించి మాట్లాడాలి. స్విట్జర్లాండ్ కొండల మీంచి ముఠా మొత్తం వింగ్‌సూట్లతో, అంటే రెక్కల్లాంటి గుడ్డ ఉండి గాల్లో జారుతూ ఎగరనిచ్చే సూట్లతో దూకి, రాళ్ల మధ్య ఇరుకు సందులోంచి దూసుకుపోతారు. అక్కడ ఎగిరింది నిజం మనుషులే. వాళ్లని షూట్ చేసినతనూ పక్కనే ఎగురుతూ తీశాడు! నాకు అరచేతులు చెమటలు పట్టేశాయి. వెనెజులాలో 979 మీటర్ల ఏంజెల్ ఫాల్స్ పక్కన కొండెక్కే సీన్ కూడా అంతే. దర్శకుడు ఎరిక్సన్ కోర్ స్వయంగా కెమెరామన్, ఆ కన్ను ప్రతి ఫ్రేములో తెలుస్తుంది. ఈ కష్టాన్ని చాలా రివ్యూలు ఒక్క వాక్యంలో దాటేశాయి, అది నాకు బాధగా అనిపించింది.

కానీ మిగతా విషయంలో విమర్శకుల మాటే నిజం. పాత సినిమాలో అమెరికా మాజీ అధ్యక్షుడు రీగన్ ముఖం మాస్క్ వేసుకున్న బోధీని యూటా ఇళ్ల మధ్య సందుల్లో తరుముతాడు. మోకాలు దెబ్బతిని పడిపోతాడు. తుపాకీ గురిపెట్టి కూడా కాల్చలేక, గాల్లోకి కాల్చి అరుస్తాడు. మనకి గుండె పట్టేస్తుంది. ఎందుకు? అంతకుముందే వాళ్లు కలిసి రాత్రి సముద్రంలో సర్ఫింగ్ చేశారు, బీచ్‌లో ఆడుకున్నారు. అవన్నీ మనం చూశాం. కొత్తదాంట్లోనూ యూటా కాల్చలేకపోతాడు, కానీ ఆ అభిమానం ఎప్పుడు పుట్టిందో మనకి కనబడదు. ఒక సాహసం, ఒక పార్టీ, బోధీ ప్రకృతి గురించి ఒక ఉపన్యాసం, మళ్లీ ఇంకో దేశం. కూర్చుని కబుర్లు చెప్పుకునే తీరికే లేదు వాళ్లకి.

పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెడితే అమెరికాలో మూడు కోట్లు కూడా రాలేదు.

పాతది చూడనివాళ్లు ముందు అదే చూడండి. తర్వాత కొత్తది పెట్టుకుంటే, ఆ వింగ్‌సూట్ సీన్ మాత్రం ఫోన్‌లో వద్దండీ. దొరికినంత పెద్ద స్క్రీన్ మీద, సౌండ్ పెంచి చూడండి.