వరి వేరు లోపల ఎవరుంటారు?

ముందు ఈ వేళ్ళు చూడండి. పిలకల దశలో ఉన్న వరి దుబ్బు పీకి, మట్టి కడిగి పెట్టాను. కొత్త వేళ్ళు తెల్లగా ఉన్నాయి, ముదురు వేళ్ళకు ఎర్రమట్టి రంగు పట్టింది. అది నిజంగా ఇనుప తుప్పే. ఆకుల నుంచి వేళ్ళదాకా దిగిన గాలి కొద్దిగా బయటికి వస్తుంది. నీళ్ళమడిలో కరిగిన ఇనుము ఆ గాలి తగిలి తుప్పై వేరుకు అంటుకుంటుంది.

ఆ తుప్పు పొర దాటి లోపలికి వెళ్తే అక్కడా బాక్టీరియా ఉంటాయి. కంగారు పడకండి, తెగులు కాదు. మొక్కకు హాని చేయకుండా కణాల మధ్య బతికే వీటిని ఎండోఫైట్లు అంటారు. వేరు పైనున్నవాటిని బ్లీచింగ్ ద్రావణంతో కడిగేసి, వేరును నూరి, డీఎన్ఏ తీసి లెక్క చూస్తారు.

ఇవి చేరడానికి ఎంతసేపు పడుతుందో తెలుసా? అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సుందరేశన్ అనే శాస్త్రవేత్త బృందం సూక్ష్మజీవులు లేకుండా పెంచిన నారును పొలం మట్టిలో నాటింది. ఒక్క రోజులోనే వేరు లోపల బాక్టీరియా కనిపించాయి, రెండు వారాలకు దాదాపు కుదురుకున్నాయి. ఇది 2015 నాటి మాట.

మరి అదే మట్టిలో వరి రకం మారిస్తే? 2019లో చైనా శాస్త్రవేత్తలు వరిలోని రెండు పెద్ద వర్గాలైన ఇండికా, జపోనికా రకాలను ఒకే పొలంలో పెంచి చూశారు. మన సాంబమసూరి, స్వర్ణ ఇండికా వర్గానివే. ఇండికా వేళ్ళలో ఎక్కువ రకాల బాక్టీరియా, అందులోనూ నత్రజనితో పనున్నవి ఎక్కువగా కనిపించాయి. మొక్క నైట్రేట్ (మట్టిలో నత్రజని ఉండే ఒక రూపం) పీల్చుకోవడానికి వాడే ఎన్ఆర్‌టీ 1.1బీ అనే జన్యువును పాడుచేస్తే అలాంటి బాక్టీరియా చాలావరకు తగ్గిపోయాయి. నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క ఇదే. ఎరువు తీసుకునే జన్యువే ఇంట్లోకి ఎవరు రావాలో కూడా కొంత తేలుస్తోందన్నమాట! అయితే రకం కంటే మట్టి ప్రభావమే పెద్దది, అది మరవద్దు.

ఇక వయసు సంగతి. సుందరేశన్ బృందమే 2018లో చెప్పింది: మొదట అలా కుదురుకున్నాక కూడా, పైరు పెరిగే దశలో వేరులోని బాక్టీరియా వారం వారం మారుతూ ఉంటాయి, ఈనే దశకు వచ్చేసరికి నిలకడ పడతాయి. ఎండకు బెట్టకొచ్చిన పైరులో ఆ మార్పు వెనకపడి, అవి లేత పైరులో ఉండేవాటిలాగే ఉండిపోతాయి.

ఇక్కడ రోజుల లెక్క పనికిరాదు. కాటన్‌దొర సన్నాలు దాదాపు 120 రోజుల పంట, స్వర్ణ 150 రోజుల వరకూ పోతుంది. అరవయ్యో రోజుకు ఒకటి చిరుపొట్టకు వస్తే, రెండోది ఇంకా పిలకలు వేస్తూ ఉంటుంది. రెండు మళ్ళూ పక్కపక్కనే ఉన్నా వేరు లోపలి లెక్క వేరేగా ఉండొచ్చు.

అందుకే, ఫలానా జీవన ఎరువు (మేలు చేసే సూక్ష్మజీవులున్న ఎరువు) ఏ వరికైనా ఎప్పుడైనా వేయొచ్చని ఎవరైనా చెబితే నాకు నమ్మకం కుదరదు. అజోస్పైరిల్లం అనే నత్రజని పట్టే బాక్టీరియా ద్రావణంలో నారు వేళ్ళు ముంచి నాటడంలో మాత్రం అర్థముంది, వేరులోని బాక్టీరియా ఇంకా మారుతూ ఉండే సమయం అది. మీ దుకాణదారుణ్ణి ఒక్క మాట అడగండి: ఈ ప్యాకెట్‌ను ఏ వరి రకం మీద, ఏ దశలో పరీక్షించారు? ఏం చెప్పారో కింద రాయండి.